పొగ రాని ఇంజను

మా బావ కుక్కర్లు బాగుచేస్తాడు. స్టవ్వులూ చేస్తాడు గానీ, పేరు చెప్పుకుని దూరం నుంచి వచ్చేది కుక్కర్లవాళ్ళే. వీధి మలుపులో ఒక మేడ మెట్ల కింద ఆయన కొట్టు. నిటారుగా నిలబడితే తల తగులుతుంది కాబట్టి పొద్దున కూర్చున్నవాడు మళ్ళీ భోజనానికే లేస్తాడు. గోడ నిండా మేకులు, మేకులకు రబ్బరు రింగులు, ఒక డబ్బాలో సేఫ్టీ వాల్వులు, ఇంకో డబ్బాలో విరిగిన పిడులు. ఎవరు కుక్కరు తెచ్చినా ముందు లోపలికి తొంగిచూసి, "నీళ్ళు పోయడం మర్చిపోయారామ్మా?" అంటాడు. "అయ్యో, పోశానండీ" అంటారు వాళ్ళు. "అందరూ పోశామనే అంటారు. మరి వాల్వు ఊరికే కాలిపోయిందా?" అంటాడు. నోరు కాస్త దురుసే. పనికి మాత్రం వంక పెట్టలేం.

నేను ఆయన బావమరిదిని. స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. అక్క మొగుణ్ణి ఏడిపించే హక్కు ఆ పెళ్ళిలోనే నాకు వచ్చింది, దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు. అందుకు ఆయన కూడా సాయం చేశాడనే చెప్పాలి. ఎందుకంటే ఆయనకు రైలింజన్ల పిచ్చి.

కొత్త ఇంజన్లు కాదు. అవి ఆయన ముక్కు ముందు నుంచి వెళ్ళినా తలెత్తడు. చిన్నప్పుడు కాగితం మిల్లు వెనక, పట్టాల పక్కన ఒంటి గదిలో పెరిగాడు. ఆ పక్కనే ఉన్న గూడ్సు యార్డులో, ఏ రైలుకూ తగిలించని వింత ఇంజన్లు కొన్ని తిరిగేవట. తలమీద కొక్కెం ఉండి బరువులెత్తేది ఒకటి. పిల్లలు దాన్ని కొంగ అనేవారు. రెండు వైపులా మూతులున్నది ఒకటి. ఏది ముందో ఏది వెనకో దానికే తెలియదు. పడుకోబెట్టాల్సిన బాయిలర్ని నిలబెట్టి బిగించింది ఇంకొకటి, దాని పేరు డ్రమ్ము. ఏ పాత ఫొటోలోనైనా వీటి చక్రం ముక్క కనబడితే చాలు, "ఇది కొంగ వెనక చక్రం, చూడు, ఒక ఊచ అతికించి ఉంది" అనేవాడు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అయినా చెప్పేవాడు.

వాటి గురించి ఎవరూ పేచీ పెట్టలేదు. పేచీ అంతా ఇంకొకదాని గురించే. దానికి పొగగొట్టం లేదు. లోపల నిప్పు లేదు. బొగ్గు వెయ్యరు. చప్పుడు చెయ్యదు. అయినా నడుస్తుంది. ఇంతకన్నా వివరం అడిగితే, "పెద్ద సీసాని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుందిరా" అనేవాడు. నా చేత దాని బొమ్మ ఎన్నిసార్లు గీయించాడో లెక్కలేదు. గీసిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. "పొగగొట్టం పెట్టావు" అనేవాడు. "అది లేకపోతే నీళ్ళ ట్యాంకులా ఉంటుంది బావా" అంటే, "అలాగే ఉంటుంది మరి" అనేవాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇది వట్టి పిచ్చి అయితే నేను ఇంత రాయక్కర్లేదు. ఆ ఇంజను ఒక మనిషిని చంపింది. బావ వాళ్ళ నాన్న బతుకును కూడా అదే మింగింది.

వాళ్ళ నాన్న మిల్లువాళ్ళ గేటుమనిషి. మిల్లు లోంచి వచ్చే పట్టాలు రోడ్డు దాటి గూడ్సు యార్డులోకి వెళ్ళేచోట ఆయన గేటు. ఆ గేటుకు గంట లేదు, ఫోను లేదు. గోదాముల కప్పుల మీద నల్లటి పొగ కదలడం కనబడితే మిల్లు ఇంజను బయలుదేరిందని అర్థం. గేటుమనిషి గొలుసు లాగి గేటు వేసేవాడు. వీధిలో ఆడవాళ్ళు మసి పడకుండా తీగల మీది బట్టలు లోపలికి లాక్కునేవారు. ఇస్త్రీవాడు తన మూట మీద దుప్పటి కప్పేవాడు. ఇలా చేయమని ఎవరూ చెప్పలేదు, అక్కడ పుట్టినవాళ్ళందరికీ అదే అలవాటు. పొగ కనబడలేదంటే ఇంజను రానట్టే.

ఆ రోజు బావ వాళ్ళ నాన్న గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, చిరిగిన ఎర్రజెండా అంచు కుట్టుకుంటున్నాడు. గేటు తీసే ఉంది. మంచుగడ్డలు అమ్మేవాడు తోపుడుబండి మీద రంపపు పొట్టు కప్పుకుని వస్తున్నాడు. వాడు రోజూ ఒక చిన్న ముక్క విరిచి ఇస్తాడని బావ గేటు గడప మీద చెయ్యి చాచుకుని నిలబడ్డాడు. అప్పటికి ఆయన ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పిల్లాడు. బండి పట్టాల మీదికి ఎక్కింది. రెండు గోదాముల సందులోంచి అది వచ్చింది. వెనక రెండు పెట్టెలు లాక్కుంటూ, పొగ లేకుండా, ఈల వేయకుండా. బ్రేకులు కీచుమన్నాయని ఆయనకు గుర్తు. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదట. బండి ముక్కలూ మంచు ముక్కలూ పట్టాల పొడుగునా పడి ఉన్నాయి. మంచు అమ్మే మనిషి లేవలేదు. జనం పోగయ్యేలోపే ఇంజను వెనక్కి గోదాముల్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న చేతిలో సూది అలాగే పట్టుకుని, "పొగ రాలేదు, పొగ రాలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

విచారణ మిల్లు ఆఫీసు గదిలోనే జరిగింది. బయటి నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చారు. మేనేజరు వాళ్ళకు తన కుర్చీ ఇచ్చి తాను పక్కన నిలబడ్డాడు. ఎప్పటిలాగే బొగ్గింజను వెళ్ళిందని, పొగ దండిగా వచ్చిందని, ఈల కూడా వేశానని డ్రైవరు చెప్పాడు. అప్పుడు పిల్లాణ్ణి పిలిచారు. మా బావ తను చూసింది చూసినట్టు చెప్పాడు. సీసాలా ఉందన్నాడు. గొట్టం లేదన్నాడు. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నిప్పు లేనిదే పొగ రాదని విన్నాను గానీ, రెండూ లేకుండా ఇంజను వస్తుందని ఇప్పుడే వింటున్నాను. గాలికి కొట్టుకొచ్చిందా బాబూ?" అన్నాడట. గదిలో అందరూ నవ్వారు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, తను మళ్ళీ లోపలికి వెళ్ళింది.

తప్పు గేటుమనిషిదే అని తేల్చారు. కోర్టు శిక్ష వేస్తే కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఆ తర్వాత బజారులో బస్తాలు మోశాడు. మిల్లు మేనేజరు మాత్రం ఎంతో దయ తలచి వాళ్ళను గది ఖాళీ చేయించలేదు. పైగా వాళ్ళమ్మకు కాగితం కట్టలు కట్టేచోట పని ఇచ్చాడు. ఇంట్లో ఆ మేనేజరు పేరెత్తితే దేవుడు అనేవారట. బావకు తిండి, బట్ట, చదివిన ఆ కొద్ది చదువు, అన్నీ ఆ పని మీదే గడిచాయి.

అంతమంది ముందు నవ్వులపాలైన పిల్లాడు మామూలుగా అయితే నోరు మూసుకోవాలి. ఈయన మూసుకోలేదు. బళ్ళో చెప్పాడు, పంపు దగ్గర చెప్పాడు, కొట్టులో చేరాక గిరాకీలకు చెప్పాడు. ఇంట్లో చెప్పినప్పుడల్లా వాళ్ళమ్మ చెంప పగలగొట్టేది. "పొగ వచ్చింది. నువ్వు చూడలేదు. నోరు ముయ్యి" అనేది. తండ్రిని అడిగితే, "ఎండ కళ్ళలో పడిందిరా" అని అటు తిరిగి పడుకునేవాడు. పాపం భయపడ్డారు, పెద్దవాళ్ళతో పెట్టుకోలేక ఊరుకున్నారు అనుకున్నాడు మా బావ. వాళ్ళ తరఫున తను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు అనుకున్నాడు. ఫలితం, ఆయనకు వీధి పెట్టిన పేరు 'పొగలేనోడు'. తండ్రి పోయినప్పుడు పాత మిల్లు మనిషి ఒకడు వచ్చి, "మంచివాడేలే, గేటు దగ్గర కునుకు తీయకుండా ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ మాట మా బావ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. కుక్కరు బిగించేటప్పుడు కూడా ఉన్నట్టుండి, "కునుకు తీయలేదురా, జెండా కుట్టుకుంటున్నాడు" అనేవాడు. మా అక్క అటువంటప్పుడు నాకు సైగ చేసేది, మాట మార్చమని.

ఒకప్పుడు నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు పాత ఇంజన్ల మ్యూజియంలో పనిచేస్తోంది. ఆ మధ్య ఒకరోజు బజారులో కనబడి, "మాస్టారూ, ఎక్కడివో తెలియని ఇంజన్లు మా దగ్గర కొన్ని ఉన్నాయి. పాతకాలం రైల్వే మనుషుల్ని పిలిచి గుర్తుపట్టమని అడుగుతున్నాం. మీకెవరైనా తెలుసా?" అంది. తెలియకేం! నా ప్రాణానికి ఒకడు ఉన్నాడు అన్నాను.

జ్వరం వచ్చినా కొట్టు మూయని మనిషి ఆ రోజు మూశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మ్యూజియం అంటే అద్దాల మేడ కాదు, పెద్ద రేకుల షెడ్డు, లోపల తుప్పు వాసన. ఆ అమ్మాయి ముందు ఫొటోలు చూపించింది. కొంగని చూడగానే చెప్పాడు. రెండు మూతులదాన్ని చెప్పాడు. డ్రమ్ము ఫొటో తలకిందులుగా ఉన్నా చెప్పాడు. ఆ అమ్మాయి సంబరపడి టీ తెప్పించింది. "ఇంకొకటి ఉందండీ. ఫొటో కాదు, అసలుదే. తుక్కు కొట్టులో పడి ఉంటే ఎవరో కొని మాకిచ్చారు. పేరు పలక కూడా లేదు" అని షెడ్డు చివరికి తీసుకెళ్ళింది.

టార్పాలిన్ తీశారు. పెద్ద సీసాని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంది.

మా బావ గ్లాసు నా చేతికిచ్చాడు. దగ్గరికి వెళ్ళలేదు. ఉన్నచోటి నుంచే, "ఆ పక్క డ్రైవరు ఎక్కే మెట్టు చెక్కది. ఈ పక్కది ఇనుపది" అన్నాడు. ఆ అమ్మాయి ఇంజను చుట్టూ తిరిగి అటు పక్కకు వెళ్ళి, "చెక్కదేనండీ!" అని అరిచింది. అప్పుడు కూర్చున్నాడు మా బావ, నేల మీదే, ఇస్త్రీ చొక్కాతో. నాకేసి చూసి, "చూశావురా? గొట్టం ఉందా? ఉంటే చెప్పు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎన్ని మాటలన్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చి ఒళ్ళు మండింది, నా మీద నాకే.

"మీరు కుక్కర్లు బాగుచేస్తారని మాస్టారు చెప్పారు" అంది ఆ అమ్మాయి. "స్టవ్వు మీంచి దించాక కూడా కుక్కర్లో ఆవిరి ఉంటుంది కదండీ? ఇదీ అంతే. మిల్లు బాయిలరు నుంచి గొట్టం తగిలించి ఇందులో వేడినీళ్ళూ ఆవిరీ నింపేవారు. అది ఉన్నంతసేపు నడిచేది. కాగితం గోదాముల్లో నిప్పురవ్వ పడకూడదు కాబట్టి లోపల వీటినే వాడేవారు. బయటికి తీసుకురాకూడదు. ఒకవేళ తెస్తే, ఆవిరి అయిపోతుందని ఈల కూడా వేసి ఉండరు."

మా బావ ఇంజనుకేసే చూస్తూ, "రోజూ నా ఒళ్ళో కుక్కరే ఉండేది కదరా. ఒక్కసారైనా తట్టలేదు" అన్నాడు.

ఆ రోజు జరిగిందంతా ఆ అమ్మాయికి నేనే చెప్పాను. ఆమె చాలా జాగ్రత్తగా వింది. ఆ ఇంజను ముందు పెట్టే బోర్డు మీద, అది ఏ మిల్లుదో, రోడ్డు మీద ఏం చేసిందో కూడా రాస్తామంది.

"మా నాన్న సంగతి?" అన్నాడు బావ.

"రాస్తామండీ. పొగ రాని ఇంజను వచ్చిందని గేటుమనిషి చెప్పింది నిజమేనని రాస్తాం."

"ఏదమ్మా, ఆ మాట ఇంకోసారి అను."

ఆమె ఇంకోసారి అంది. ఆయన చిన్నపిల్లాడిలా మొహం రెండు చేతుల్తో కప్పుకుని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక ఆ అమ్మాయి కాస్త మొహమాటంగా, ఒక్కరి చిన్నప్పటి జ్ఞాపకం మీద అంత మాట రాయడానికి పైవాళ్ళు ఒప్పుకోరని, అప్పట్లో అక్కడున్నవాళ్ళు ఇంకొక్కరు చెబితే చాలని అంది. "దానికేముంది, మా అక్క ఉంది. నాకన్నా పెద్దది. ఆ రోజు ఇంట్లోనే ఉంది. చూసిందో లేదో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు గానీ, ఇప్పుడు ఇంజనే ఎదురుగా ఉంటే ఎందుకు చెప్పదు?" అన్నాడు.

అక్కణ్ణుంచి తిన్నగా వాళ్ళక్క ఇంటికే వెళ్ళాం. నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. ఆయాసపడుతూనే రెండేసి మెట్లు ఎక్కాడు. పెద్దావిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఆమె కూడా తర్వాత ఆ మిల్లులోనే పనిచేసి, అందులోనే రిటైరయిన మనిషి. మమ్మల్ని చూసి, "ఏంట్రా, మాస్టార్ని కూడా వెంటేసుకొచ్చావు?" అంది.

"అక్కా, దొరికింది. ఇంజను దొరికింది."

నూనె రాస్తున్న చెయ్యి ఆగింది. "ఎక్కడ?" అంది. ఏ ఇంజను అని అడగలేదు. అది నేను గమనించాను. మా బావ గమనించే స్థితిలో లేడు. మ్యూజియం, టార్పాలిన్, చెక్కమెట్టు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు.

"అది ఇంకా ఉందా? అప్పుడే ముక్కలు చేయించి తుక్కు కింద అమ్మేశామన్నారే" అంది పెద్దావిడ.

బావ మాట మధ్యలో ఆగిపోయింది. "ఎవరన్నారు?" అన్నాడు.

ఆమె నీళ్ళు నమలలేదు. అందుకు మాత్రం నేను ఆమెను మెచ్చుకుంటాను. నూనె సీసా మూత పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"విచారణ ముందు రోజు మేనేజరు మనిషి మనింటికి వచ్చాడు. నువ్వు బయట ఆడుకుంటున్నావు. బొగ్గింజను మరమ్మతులో ఉంటే తొందరపడి లోపలిదాన్ని రోడ్డు మీదికి తోలారట. అది బయటపడితే మిల్లు మూతపడుతుందన్నాడు. మీ ఆయన ఎలాగూ ఇరుక్కున్నాడు, పిల్లల్ని కూడా రోడ్డున పడేసుకుంటారా అన్నాడు. గది ఉంటుంది, నీకు పని ఇస్తాం అన్నాడు. అమ్మ ఆ రాత్రంతా కూర్చునే ఉంది. మర్నాడు నిన్ను మెట్ల మీద కూర్చోబెట్టి లోపలికి వచ్చి, 'పొగ వచ్చిందండీ, పొగ చూసే నేను తీగ మీది బట్టలు తీశాను, మా అమ్మాయి కూడా తీసింది' అని చెప్పింది. నన్నడిగారు. తలూపాను."

"నాన్న?"

"నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. అమ్మ మొహం చూశాడు. కాసేపటికి, 'అయితే వచ్చే ఉంటుందండీ, నేనే చూసుకోలేదు' అన్నాడు."

పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు బావ.

"చిన్నపిల్లాడివి. నోరు జారతావని."

"పెద్దయ్యాక?"

"పెద్దయ్యాక చెప్పాల్సింది వాళ్ళు. అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు. మధ్యలో నేనెవర్నిరా?"

"ఊరంతా నన్ను పొగలేనోడంటుంటే నువ్వూ నవ్వేదానివి కదక్కా."

"నవ్వాను. నవ్వకపోతే అనుమానం రాదూ?"

మా బావ లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "అమ్మ ఆఖరి రోజుల్లో నా చేత్తో తినిపించాను. నెలల తరబడి. అప్పుడైనా ఒక్క మాట..." అన్నాడు.

"తినిపించావు. దానికి ముందు అమ్మ నీకు తినిపించింది. ఆ ప్రతి ముద్దా ఆ ఒక్క మాటతో వచ్చిందే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకురా" అంది పెద్దావిడ. అంతవరకూ రాయిలా ఉన్న మనిషి అప్పుడు కళ్ళు ఒత్తుకుంది. "నన్ను రమ్మంటావా? వస్తాను. ఆ ఇంజను అదేనని చెబుతాను. అమ్మ అబద్ధమాడిందని, నేను తలూపానని, నాన్న తెలిసే తల వంచాడని అన్నీ చెబుతాను. రాయించుకో. బోర్డు మీద పెట్టించు. ఇక నాకు పోయేదేముంది? కానీ ఒక్కటి ఆలోచించు. నాన్న ఒప్పుకున్నదాన్ని నువ్వు కాదంటే, ఆయన జైల్లో గడిపిందంతా దేనికి?"

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మంచు అమ్మే మనిషికి కూడా ఒక ఇల్లు ఉండి ఉంటుంది. గేటుమనిషి నిద్రపోయాడని చెప్పి వాళ్ళను పంపేసి ఉంటారు. అతని ఊసు ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. దయగల మేనేజరు హాయిగా బతికి హాయిగా పోయాడని విన్నాను. ఇల్లు నిలబెట్టుకోవడానికి మొగుడి మీద చెప్పిన పెళ్ళాం, ఆమె మాట నిలబెట్టడానికి తల వంచిన మొగుడు, తలూపిన కూతురు. వీళ్ళలో ఒక్కర్నీ తిట్టడానికి నోరు రాలేదు. అదే నా కోపం. ఎవర్ని తిట్టాలో వాళ్ళు ఎప్పుడో చేతికి అందకుండా పోయారు. ఇంట్లో అందరికీ తెలిసిన నిజాన్ని పట్టుకుని, అది అబద్ధమని ఒక్క పిల్లాణ్ణి జీవితమంతా కొడుతూ వచ్చారు.

బస్సులో నేనే వాగాను. "రాయించు బావా. ఎవరేమనుకుంటే నీకేంటి? నిజం నీది. నువ్వు సంపాదించుకున్నావు" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్ళు మామూలుగానే కొట్టు తీశాడు. మామూలుగా అంటే కొట్టు తీశాడంతే. మా అక్క ఫోను చేసి, "ఏమైందిరా మీ బావకి? తిండి దగ్గర కూర్చుని వాళ్ళమ్మ ఫొటో వైపు చూస్తాడు. గోడ మీంచి తీసేస్తాడు, మళ్ళీ తగిలిస్తాడు. అడిగితే కసురుతున్నాడు" అంది. నేను రోజూ వెళ్ళి కొట్టు ముందు కూర్చునేవాణ్ణి. ఏడిపించడానికి మాటలు దొరికేవి కావు. ఆయన కూడా ఇంజన్ల ఊసెత్తలేదు.

మేం ఎంతకీ రాకపోయేసరికి మ్యూజియం అమ్మాయే వెతుక్కుంటూ వచ్చింది. మెట్ల కింద తల వంచుకుని నిలబడి, "బోర్డు రాయడానికి మనుషులు వస్తున్నారండీ. మీ అక్కగారు ఏమన్నారు?" అని అడిగింది.

బావ ఒక వాల్వును ఆకురాయితో గీకుతున్నాడు. తలెత్తలేదు. "అక్కకేం గుర్తులేదమ్మా" అన్నాడు.

"పోనీలెండి. మీరు అంత స్పష్టంగా చెప్పారు కదా, మా పైవాళ్ళతో నేను ఇంకోసారి మాట్లాడి..."

"వద్దు. నేనూ పొరబడ్డాను. నేను చూసింది అది కాదు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "చెక్కమెట్టు సంగతి చూడకుండానే చెప్పారు కదండీ!" అంది.

"ఏదో తోచి చెప్పానమ్మా. చిన్నప్పటి సంగతులు. గోరంత కొండంతవుతాయి."

నాకిక ఆగలేదు. "బావా!" అని అరిచాను. "ఏం మాట్లాడుతున్నావ్ బావా? నీకు మతి పోయిందా?"

"నువ్వు ఊరుకోరా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. బతిమాలుకుంటున్నట్టు అన్నాడు. అందుకే నేను ఊరుకోవాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంది. పాపం, ఎంత ఆశతో వచ్చిందో. వెళ్ళబోతూ, "మరి ఆ రోజు మీ గేటు దగ్గరికి వచ్చింది ఏ ఇంజనండీ?" అని అడిగింది.

మా బావ వాల్వు కింద పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని ఆమె మొహంలోకి చూశాడు.

"మామూలుదేనమ్మా. బొగ్గింజను. పొగ బాగా వచ్చింది. మా నాన్నే చూసుకోలేదు."